జాగరి నేర్చుకున్న వైద్యం

2068 నాటికి కాకినాడలో ఫలానా డాక్టరు హస్తవాసి మంచిదా అని ఎవరూ అడగడం లేదు. మంచానికి జాగరి ఉందా లేదా అనే అడుగుతున్నారు. జాగరి అంటే మంచం తలవైపు బిగించే అరచేతంత యంత్రం. రోగి ఒంట్లోని ప్రతి మార్పునూ సెన్సర్లతో పసిగడుతుంది. ఇవ్వాల్సిన మందు ఇవ్వకపోయినా, చూడాల్సినవాళ్లు చూడకపోయినా కేకలేస్తుంది. దాన్ని కనిపెట్టిన హైమవతి మీద నమ్మకంతో ఎందరో నిశ్చింతగా ఆపరేషన్లు చేయించుకున్నారు.

ఆమె తమ్ముడు చలపతి కూడా అలాగే పిత్తాశయంలో రాళ్లు తీయించుకోవడానికి ఆసుపత్రిలో చేరాడు. ఆపరేషనైన నాలుగో రోజు ఉదయం ఆమె వెళ్లేసరికి అతని ఒళ్లు కాలిపోతోంది. దుప్పటి తీసి పొట్ట మీద చెయ్యి వేసింది. చెక్కలా గట్టిగా ఉంది.

"మొన్నటినుంచీ చెప్తానే ఉన్నానక్కా. ఎవరూ వినిపించుకోట్లేదు" అన్నాడు మూలుగుతూ.

ఆమె కేకలకు డ్యూటీ డాక్టరు శశాంక్ పరుగెత్తుకొచ్చాడు. పొట్ట నొక్కి చూసి తెల్లమొహం వేశాడు. లోపల చీము పట్టి ఒళ్లంతా పాకుతోందన్నాడు. చలపతిని హడావిడిగా స్ట్రెచర్ మీద థియేటరుకు తోసుకెళ్లారు.

"ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా వాడి పొట్ట ముట్టుకుని చూశావా?" అని శశాంక్‌ను నిలదీసింది హైమవతి.

"జాగరి ఏం చెప్పలేదండి. అది చెప్పకపోతే మాకెలా తెలుస్తుందండీ?"

చదివిన చదువంతా ఏ గంగలో కలిపాడో! హైమవతికి ఒళ్లు మండిపోయింది. తన యంత్రం వైపు తిరిగింది.

"వాడికి జ్వరం ఎప్పట్నుంచి?"

"మొన్న ఉదయం నుంచి. నిన్న పొట్ట బిగిసింది" అంది జాగరి నెమ్మదిగా.

"మరి నోరు పడిపోయిందా నీకు?"

"కొత్తలో రోజంతా అరిచేదాన్ని మేడమ్. డాక్టర్లు మంచం దగ్గరికి రాకుండానే రిమోట్‌తో నా నోరు నొక్కేవారు. రౌండ్సులో గుమ్మం దగ్గరే నిలబడి, కేసు షీటులో 'అదే మందు కొనసాగించండి' అని రాసేవారు. అనుభవజ్ఞులను చూసి నేర్చుకోమని నన్ను తయారుచేసింది మీరే. నేర్చుకున్నాను. నేనూ అదే రాస్తున్నాను."

శశాంక్ తల దించుకున్నాడు. హైమవతికి అతణ్ణి లాగి కొట్టాలనిపించింది. తనను తాను ఇంకా గట్టిగా కొట్టుకోవాలనిపించింది.

అంతలో జాగరి తెర మీద చలపతి పేరుతో ఒక పత్రం కనిపించింది. మరణ నివేదిక. తేదీ, సమయం ఖాళీగా ఉన్నాయి. కారణం మాత్రం నింపి ఉంది: 'బంధువులు ఆలస్యంగా తీసుకొచ్చారు.'

"ఏమిటిది? వాడింకా బతికే ఉన్నాడే!" గొంతు చించుకుని అరిచింది హైమవతి.

"తెలుసు మేడమ్. ఇక్కడ ఎవరు పోయినా అదే రాస్తారు. తరవాత ఎవరికీ తీరిక దొరకదని ముందే రాసిపెట్టాను."