ఎంపీ గారి ఎడమ బూటు

"మనిషిని తాకొద్దు. ఫోను వినొద్దు. కారు వెంట పడొద్దు. పార్లమెంటు గేటు అస్సలు దాటొద్దు," అంటూ ఒక్కొక్క వేలే ముడిచాడు గూఢచారి సంస్థ సెక్షన్ చీఫ్ బంగ్.

"మరి ఆయన్ని కాపాడేదెలా సార్?" అడిగాడు ఏజెంట్ తక్ మిన్‌గ్యు.

"అదే నీ అసైన్‌మెంటు."

కాపాడాల్సిన మనిషి ఎంపీ యోమ్ చుంగ్‌సిక్. వయసు అరవై ఒకటి, డిఫెన్స్ కమిటీలో పన్నెండేళ్ల అనుభవం. వచ్చే నెలలో ఆ కమిటీకి చైర్మన్ కాబోతున్నాడు. ఆ కుర్చీ కోసమే బతికాడని సియోల్‌లో అందరికీ తెలుసు. ఈ ఉదయం పది గంటలకు, మూసిన తలుపుల వెనక, నాలుగు క్షిపణి బ్యాటరీలను, అంటే క్షిపణులు పేల్చే దళాలను, ఎక్కడికి తరలించారో రక్షణ మంత్రి కమిటీకి చెబుతాడు. కాగితం ఉండదు. నోటితో ఒక్కసారే చెబుతాడు. ఓ విదేశీ ముఠా ఆ మాటల్ని యోమ్ ద్వారానే వినబోతోందని కబురు అందింది.

"ఒకప్పుడు మనవాళ్లు ఎంపీల మాటలు దొంగచాటుగా విని దొరికిపోయారు. ఇప్పుడు వాళ్ల జోలికి వెళ్తే మన ఆఫీసుకే తాళం పడుతుంది," అన్నాడు బంగ్. "పొద్దున్నే చావు పరామర్శకి వెళ్తాడు. అక్కడ చూసుకో."

యోమ్ తన నియోజకవర్గంలో ఏ చావునీ వదలడు. ఈసారి చనిపోయింది లాండ్రీ షాపు ముసలాయన. ఎనిమిదింటికల్లా ఆస్పత్రి కింది అంతస్తులోని అంత్యక్రియల హాల్లో, నల్ల సూటు నల్ల టై వేసుకుని తక్ ఒక మూల నిలబడ్డాడు. గుండీలో కెమెరా ఉంది. వచ్చినవాళ్ల చేతులు, సంచులు, గొడుగులు అన్నీ గమనించాడు. యోమ్ బూట్లు విప్పి అరుగెక్కి, తెల్ల చామంతుల మధ్య ఉన్న ఫొటో ముందు రెండుసార్లు సాష్టాంగపడ్డాడు.

తర్వాత చనిపోయినాయన పెద్దకొడుకు తక్ వైపు చూశాడు. చావు జరిగిన చోట ఊరికే నిలబడే మనిషి ఎవడుంటాడు? తక్ కూడా బూట్లు విప్పి, మోకాళ్లూని, నుదురు నేలకు ఆనించాడు. ఒకసారి. రెండోసారి. మొత్తం పదిహేను సెకన్లు.

లేచి చూస్తే అంతా ఎప్పటిలాగే ఉంది. గుమ్మం దగ్గర నల్లబట్టల్లో ఒకావిడ వంగి, వెళ్లేవాళ్లకు వీలుగా బూట్ల ముక్కులు బయటికి తిప్పి పెడుతోంది. ప్రతి చావులోనూ ఎవరో ఒకరు చేసే పనే అది. తక్ రెండోసారి చూడలేదు.

తొమ్మిదీ ముప్పై అయిదుకి, పార్లమెంటు ఎదుట ఆపిన అతని కారు తలుపు తెరుచుకుంది. ఆ నల్లబట్టలావిడే వచ్చి పక్క సీట్లో కూర్చుంది. చెవులకు ముత్యాలు, పెదవులకు ఎర్రరంగు. ఒక్ హేరిన్! డబ్బిస్తే ఎవరికైనా పనిచేసే గూఢచారి, ఇటు తమ జాబితాలోనూ అటు శత్రువుల జాబితాలోనూ పేరున్న మనిషి.

"వంగి దండం పెట్టడం చూశానండీ. అమ్మగారు చక్కగా పెంచారు," అంది.

తక్ గబుక్కున ఆమె వైపు తిరిగాడు. "ఏం చేశావ్?"

"ఎడమ బూటు మడమలో మైకు పెట్టాను. జామర్లకి లొంగదు."

"చేసిందంతా చేసి, నాకెందుకు చెబుతున్నావ్?"

"ఏదో కంపెనీ టెండర్ గొడవ అన్నారు, నమ్మాను. క్షిపణుల సంగతని ఇప్పుడే తెలిసింది." ఆమె పార్లమెంటు గేటు వైపు చూసింది. "ఆ బ్యాటరీల్లో ఒకదాని దగ్గర మా తమ్ముడు డ్యూటీలో ఉన్నాడు. మిలిటరీకి వెళ్లి ఇంకా ఆర్నెల్లు కాలేదు. కానీ ఒకటి. మైకు బయటపడిందని వాళ్లకి తెలిస్తే, చెప్పింది నేనేనని తెలుస్తుంది. రేపు నా ఫొటో చుట్టూ చామంతులు పెడతారు."

వాళ్లు వినేది వినిపించే చిన్న ఇయర్‌పీస్ అతని చేతిలో పెట్టి, ఆమె దిగిపోయింది.

తక్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. "గేటు దాటావంటే నువ్వెవరో నాకు తెలీదు," అన్నాడు బంగ్. తక్ గేటు దాటాడు.

కమిటీ హాలు బయట, ఓటరు వేషంలో, యోమ్‌కి రెండు చేతులతో అర్జీ అందించాడు. ఓటరు ఇచ్చిన కాగితాన్ని యోమ్ కాదనడు. అందులో మూడే వాక్యాలు: "మీ ఎడమ బూటులో మైకు ఉంది. పైకి అనొద్దు, ఒకరి ప్రాణం పోతుంది. విప్పేసి లోపలికి వెళ్లండి."

"ఎవరివయ్యా నువ్వు?"

తక్ అరచేతిలో ఐడీ కార్డు చూపించాడు. యోమ్ మొహం రాయిలా మారింది.

"ఓహో, మీరా! మీ బోటివాళ్ల మాట నమ్మే వయసు దాటిపోయింది నాకు," అని కాగితం జేబులో కుక్కుకుని లోపలికి వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది.

ఇక చేయగలిగింది ఏమీ లేదు. తక్ గోడకు చేరబడి ఇయర్‌పీస్ పెట్టుకున్నాడు. కుర్చీల చప్పుడు. మంత్రి దగ్గు. ఈ దేశాన్ని అమ్మేస్తుంటే, తాను వరండాలో నిలబడి వింటున్నాడు.

"మొదటి బ్యాటరీ..." మొదలుపెట్టాడు మంత్రి.

"ఆగండి!" యోమ్ గొంతు.

మంత్రి ఆగలేదు. ఆ హాల్లో ఏ రోజైనా నలభైసార్లు ఎవరో ఒకరు ఆగమని అరుస్తూనే ఉంటారు. అరిచిన ప్రతిసారీ ఆగే మనిషి మంత్రిగా ఒక్కరోజు నిలవలేడు.

"ఆగమంటుంటే!"

"గౌరవ సభ్యులు తర్వాత అరవొచ్చు. మొదటి బ్యాటరీని తరలించిన చోటు..."

సర్రుమని శబ్దం. ధడేలుమని దెబ్బ. గాజు భళ్లుమంది. ఇయర్‌పీస్ మూగబోయింది. తలుపు వెనక గగ్గోలు మొదలైంది.

మధ్యాహ్నానికి టీవీలన్నీ అదే వార్త. రక్షణ మంత్రి మీద బూటు విసిరిన ఎంపీ! సమావేశం రద్దు. మంత్రి నుదుటికి మూడు కుట్లు. రెండింటికల్లా కమిటీ చైర్మన్ పదవి యోమ్‌కి ఇవ్వనంది పార్టీ, వచ్చే ఎన్నికల్లో టికెట్ కూడా లేదంది.

"సార్, ఆయన తరఫున ఒక్క మాట చెబుదాం," అని తక్ ప్రాధేయపడ్డాడు.

"ఏం చెబుతావ్? మనం గేటు దాటామనా? ఆ పిల్ల పేరా?"

తక్ విలేకరుల సమావేశంలో వెనక వరసలో నిలబడ్డాడు. రబ్బరు చెప్పులతో వచ్చిన యోమ్ కెమెరాల ముందు నడుము విరిగేలా వంగాడు.

"ఎందుకు విసిరారు?"

"కోపం ఆపుకోలేకపోయాను. క్షమించండి."

పార్టీ కార్యకర్తలు కొందరు ఏడ్చారు.  తక్ ముందుకొచ్చి ఒక్క వాక్యం అంటే ఆ పెద్దమనిషి నిలబడతాడు. ఆ ఒక్క వాక్యమే అనడానికి వీల్లేదు.

అందరూ వెళ్లాక లిఫ్ట్ దగ్గర ఎదురుపడి, తలవంచి చేతులు జోడించాడు. "దయచేసి ఎప్పటికీ ఎవరికీ చెప్పకండి సార్. ఇంట్లో కూడా."

"కాలు మీద కాలేసుకుంటే మడమలో కొత్త మేకు కనబడిందయ్యా," అన్నాడు యోమ్. లిఫ్ట్ వచ్చింది. లోపలికి అడుగుపెట్టి, తక్‌ని ఎగాదిగా చూశాడు. "మిలిటరీ పాలనలో, కాలేజీ రోజుల్లో, నోరు విప్పమని మీవాళ్లు నన్ను పదకొండు రోజులు కొట్టారు. ఇవాళ విప్పొద్దని దండం పెడుతున్నారు. ఎంతైనా మీ ఆఫీసు బాగుపడిందయ్యా!"