ఊదని బ్యూగిల్

రెజిమెంట్ బ్యూగిలర్‌ని సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చేశారు. జీవితమంతా బ్యారక్స్‌ని నిద్రలేపిన మనిషిని చప్పుడు చెయ్యకుండా చంపడం హంతకులకి సరదా కాబోలు అనుకుంది ఏజెంట్ పిచ్చుక.

బ్రీఫింగ్‌లో చీఫ్ పొడిపొడిగా చెప్పాడు. అమరవీరుల సంస్మరణ సభ వేదిక కాంక్రీటులో బాంబుంది. విదేశీ ముఠా వైర్‌లెస్‌లో దొరికిన కోడ్ “చివరి స్వరం”. చనిపోయినవాడి బదులు పొడుగువాడొకడు, పొట్టివాడొకడు వస్తున్నారు. ఇద్దరిలో ఒకడు ముఠా మనిషి. ముందే పట్టుకుంటే రిమోట్ ఇంకొకడి చేతికి మారుతుంది. సభ ఆపమంటే రక్షణ మంత్రి ససేమిరా అన్నారు. కొత్త సూటు కుట్టించుకున్నారట.

“మైకు దగ్గర ఎవరు సార్?”

“మీ అక్క.”

అక్క రేడియో అనౌన్సర్. చెల్లెలు టైపిస్టనే ఆమె నమ్మకం. నిజం చెప్పడానికి వీల్లేదు.

సభలో పిచ్చుక ఫోటోగ్రాఫర్ వేషంలో నిలబడింది. పక్కకి డబుల్ ఏజెంట్ మేడమ్ వచ్చింది. నల్లకళ్లద్దాలు, చెవిరింగులో కెమెరా, రెండు దేశాల జీతం.

“పొడుగువాడే, బంగారం,” అంది మేడమ్.

బ్యూగిల్ గురించి చీఫ్ చెప్పింది పిచ్చుక నెమరువేసుకుంది. వేటగాళ్ల ఎద్దుకొమ్ము సైన్యంలో చేరి ఇత్తడిగా మారింది. వైర్‌లెస్ లేని రోజుల్లో లేవమన్నా, తినమన్నా, శత్రువు మీద పడమన్నా ఆ కూతే. మీటలుండవు. స్వరాలన్నీ పెదవుల బిగువులోనే.

ముందు పొడుగువాడు ఊదాడు. ఒక స్వరం జారింది. మేడమ్ కిసుక్కున నవ్వింది. పిచ్చుక చెయ్యి పిస్టల్ మీదికి పోయింది. అంతలో వాడు సిగ్గుతో ఎర్రబడి, బ్యూగిల్ తిరగేసి తడి దులుపుకున్నాడు.

తర్వాత పొట్టివాడు ఎత్తుకున్నాడు. తేనెలాంటి స్వరం. బుగ్గలు పూరీల్లా పొంగాయి. పాపం, ఎంత కష్టపడుతున్నాడో. ఇంతలో వాడు నాలుకతో పెదవులు తడుపుకున్నాడు. స్వరం మాత్రం ఆగకుండా మోగుతూనే ఉంది.

పిచ్చుక ఒక్క గెంతులో వాణ్ణి చేరి బ్యూగిల్ నోట్లోకి చెయ్యి దూర్చింది. అగ్గిపెట్టెంత ప్లేయర్ చేతికొచ్చింది. దాని మీద ఎర్రదీపం వెలుగుతోంది. పాట అయిపోగానే బాంబుకి సిగ్నల్. చివరి స్వరం ఒక్కటే మిగిలి ఉండగా పిచ్చుక బ్యాటరీ పీకేసింది.

నిశ్శబ్దం. పాట పూర్తయిందనుకుని మంత్రి తల వంచారు. అడ్డం పడ్డ ఫోటోగ్రాఫర్‌ని అక్క గుర్రుగా చూసింది. ఆ చూపు ఇంత చల్లగా ఉంటుందని పిచ్చుకకి ఇదివరకు తెలీదు.

గేటు దగ్గర పొట్టివాడితో పాటు మేడమ్ చేతికీ బేడీలు పడ్డాయి. ఎలా కనిపెట్టావని అడిగింది.

“బాంబు చెయ్యడం నేర్చుకున్నారు. కాసేపు ఊదుతున్నట్టు నటించడం చేతకాలేదు. మీకు జీతమిచ్చేవాళ్లని చూస్తే జాలేస్తోంది,” అంది పిచ్చుక.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “ఆ పొట్టి బ్యూగిలర్‌కి మంత్రిగారు పతకం ఇవ్వమంటున్నారు.”

“వాడసలు ఊదలేదు సార్.”

“ఈయన మాత్రం విన్నాడా ఏంటి?”