ఆరిపోయిన ఎర్ర మరక

"కొబ్బరి దింపు ఎప్పుడండీ?"

"మంగళవారం దాటాకండి."

కోడ్‌వర్డ్ సరిపోయింది. అమలాపురంలో కొబ్బరికాయల గోదాము తలుపు తెరుచుకుంది. లోపల చీఫ్ కేశవరావు, ఇద్దరు ఏజెంట్లు: నాగసతీష్, రాజ్ కుమార్.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. శుక్రవారం పదకొండింటికి, ల్యాబ్ ఎదుటి ఆసుపత్రిలో, అప్పనపల్లి మంగాయమ్మగారి ఛాతీలో మన ఇంజినీర్లు చేసిన గుండె పంపు పెడతారు. అది చెడిపోతే ఆవిడ బతకదు. ఆ తరవాత ఈ దేశంలో ఆ పంపును నమ్మేవాడూ ఉండడు. ఒక విదేశీ ముఠాకి కావలసింది సరిగ్గా అదే. ఆ ముఠా వదిలి మనవైపు వచ్చిన వెంకటదుర్గ ఇప్పుడు పంపు తయారైన ల్యాబ్‌లోనే పనిచేస్తోంది. ఆపరేషన్ అయ్యేదాకా ల్యాబ్ మీద నిఘా.

వేషాల పంపకంలోనే నాగసతీష్‌కి ఒళ్ళు మండింది. రాజ్ కుమార్‌కి తెల్లచొక్కా, కారు, కొబ్బరి షావుకారు వేషం, వెంకటదుర్గ పక్కన కుర్చీ. తనకేమో ఏసీ మెకానిక్ వేషం, ఒక నిచ్చెన. పదేళ్ళుగా ఇదే వరస. వాడు నవ్వితే చాలు, మెడల్ వాడికే.

శుక్రవారం పదిన్నరకి చివరి పరీక్ష. ల్యాబ్ పెద్ద సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు సీఎఫ్‌డీలో దిట్ట. బిగించిన పంపును స్కాన్ చేసి, అందులో రక్తం ఎలా పారుతుందో కంప్యూటర్‌లో ముందే లెక్కగట్టి రంగుల్లో చూపించే విద్య అది. జోరుగా పారే చోట ఎరుపు, నిలిచిపోయే చోట నీలం. నిలిచిన చోట రక్తం గడ్డకడుతుంది. స్క్రీన్ మీద నీలం చుక్కయినా లేదు. ఆసుపత్రికి పంపినదానికి జతగా చేసి బల్ల మీద పెట్టిన రెండో పంపులో తిరుగుతున్న ఎర్రద్రవం కూడా అదే మాట చెప్పింది. రక్తమంత చిక్కగా ఉండాలని గ్లిజరిన్ కలిపి చేసే ద్రవం అది.

ఆయన సంతకం పెట్టేస్తుంటే వెంకటదుర్గ చెయ్యి తగిలి ఎర్రద్రవం రాజ్ కుమార్ చొక్కా మీద ఒలికింది. అయ్యో అంటూ ఆమె తన చేతిరుమాలుతో తుడిచింది. వాడు ఇకిలించాడు. నిచ్చెన మీద నాగసతీష్ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాడు. ఏసీ మూత విప్పడం మానేసి, ఆ మరకనే చూస్తూ కూర్చున్నాడు. పావుగంట చూశాడు.

మరక ఆరిపోయింది. ఫ్యాను గాలికి చొక్కా రెపరెపలాడుతోంది.

అతని చెయ్యి తన కాలరు మీదకి పోయింది. మొన్న గ్లిజరిన్ క్యాను మోసినప్పుడు ఒలికిన చుక్క ఈనాటికీ జిగటగానే ఉంది.

పది యాభై. నిచ్చెన దిగి వచ్చి, బల్ల మీది ద్రవం రెండు వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. "ఇది రంగు నీళ్ళండి. కంప్యూటర్లో చిక్కదనం అంకె కూడా ఓసారి చూడండి."

పెద్దాయన చూసేరు. అక్కడా నీళ్ళ అంకే ఉంది. రక్తం అంకె పెట్టి, ఒక్క మూలకి మోటు లెక్క వేయించారు. నీళ్ళయితే జారిపోయిన చోటే, పంపులో తిరిగే రోటరు రెక్క వెనక, నీలం ముద్దగా పేరుకుంది.

"ఆయ్. ఇది నేను గీసిన రెక్క కాదండీ," అన్నారాయన.

వెంకటదుర్గ అప్పటికే గుమ్మం దగ్గరుంది. నాగసతీష్ నిచ్చెన అడ్డం తోశాడు. ఆమె తట్టుకుని పడింది, బ్యాగులోని లిప్‌స్టిక్ గొట్టంలోంచి అసలు రోటరు దొర్లింది. ఎదుటి ఆసుపత్రికి ఫోన్ వెళ్ళేసరికి సర్జన్ కత్తి కోసం చెయ్యి చాచి ఉన్నారు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు అసలు రోటరుతో ఆపరేషన్ జరిగింది. రెండు రోజులకి మంగాయమ్మగారు కాఫీ అడిగేరట.

రిపోర్టు ఫారంలో 'అనుమానం ఎలా కలిగింది?' అన్న గడి దగ్గర నాగసతీష్ కలం పెట్టాడు. 'కడుపుమంట' అని రాసి, కొట్టేసి, 'నిరంతర నిఘా' అని రాశాడు.

మెడల్ రాజ్ కుమార్‌కే వచ్చింది. కీలక సాక్ష్యం అతని చొక్కాయేగా.