మామ్మగారి దస్తూరీ

క్రీ.శ. 2094 నాటికి కాకినాడలో గోడలు కూడా మాటకు బదులిస్తున్నాయి. అయినా సముద్రజల శుద్ధి కార్యాలయంలో పదకొండయ్యేసరికి యేసుమణి కుర్చీ లాక్కుని కోదండపాణి పక్కన కూర్చోవాల్సిందే. చూపులేని ఉద్యోగికి రోజుకో గంట కాగితాలు చదివిపెట్టే మనిషిని ఇవ్వాలన్నది పాత చట్టం. ఆ హక్కు కోసం పాణి కొత్తలో చెప్పులరిగేలా తిరిగాడు. పొద్దంతా పంపుల చప్పుడు విని లోపాలు పట్టడం అతని పని. ఆ ఒక్క గంట మాత్రం ఇరవై రెండేళ్లుగా అతని ప్రాణం.

ఏం చదివేదని ఆవిడ! అర్జీ ఎవరిదైతే వాళ్ల గొంతే. నీళ్లు ఉప్పగా ఉన్నాయని మొదలెట్టి కోడలి మీద చాడీలతో ముగించే సామర్లకోట మామ్మగారి ఉత్తరాలంటే పాణికి మరీ ముచ్చట. మూడేళ్ల క్రితం, ఇకపై అర్జీలన్నీ యంత్రానికే చెప్పుకోవాలన్నప్పుడు అతని గుండె జారిపోయింది.

"కొందరింకా కాయితమ్మీదే రాత్తన్నారండి," అంది యేసుమణి. హమ్మయ్య అనుకున్నాడు.

ఇప్పుడు డాక్టర్ తహసీన్ 'నేత్రిక' తెచ్చింది. చెవి వెనక అతికించి మీట నొక్కే గింజంత పరికరం. ఎదుటి దృశ్యాన్ని న్యూరల్ సిగ్నల్స్‌గా, అంటే నాడీసంకేతాలుగా మార్చి మెదడుకు అందిస్తుంది. ముప్పయ్యో ఏట చూపు పోయిన పాణికి అక్షరాలు గుర్తే.

"ఇది తీసుకుంటే చదివే మనిషిని తీసేస్తారు సార్. వద్దనే హక్కు కూడా మీకుంది," అంటూ అతికించిందామె.

పాణి ఒప్పుకున్నది ఒక్క ఆశతో. మామ్మగారి దస్తూరీ కళ్లారా చూడాలి. ఈ చివరి గంట అయ్యాకే మీట నొక్కుతానని యేసుమణికి చెప్పాడు.

"అయ్యా, నిన్న మా కోడలు నా ఇత్తడి బిందె ఎక్కడో పడేసింది..." అని మామ్మగారి గొంతుతో యేసుమణి మొదలెట్టింది. పాణి ఆగలేకపోయాడు. మెల్లగా చెవి వెనక నొక్కాడు.

ముందు వెలుగు, తర్వాత నెరిసిన జుట్టు, బక్కచేతులు, చేతుల్లో కాగితం. దాని మీద ఒక్క అక్షరం లేదు. ఆ తెల్లకాగితాన్నే యేసుమణి తడబడకుండా చదివేస్తోంది, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటూ. ఈ గంట కావాల్సింది తనకొక్కడికే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

నేత్రిక ఊడదీసి, పక్కనే నిలబడ్డ తహసీన్ చేతిలో పెట్టాడు. "చక్కగా పనిచేస్తోందమ్మా. నాకొద్దు."

కాగితం చప్పుడు ఆగిపోయింది. "చూసేసేరాండీ?" అంది యేసుమణి.

"ముందు ఆ బిందె దొరికిందో లేదో చదవండి," అన్నాడు పాణి.