శర్మిల బ్యాగులోని పిస్టల్

మార్చి పద్నాలుగు. ఆ మధ్యాహ్నం టోవా పాయో తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో ఏజెంట్ మహీధర్ చేపతల కూర తిన్నాడు. మెత్తటి ముక్కలు ఏరి తోటి ఏజెంట్ హరిదాస్ ప్లేట్లో వేశాడు. నాలుగింటికి క్లెమెంటీలోని ఓ ఖాళీ ఫ్లాట్‌లో హెరాన్ ముఠా మనిషికి ఎదురుపడ్డాడు. ట్రిగ్గర్ నొక్కాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కొత్త పిస్టల్ పేలలేదు. అవతలివాడిది పేలింది.

పదకొండు రోజులైనా ఏజెంట్ హరిదాస్ కోపం చల్లారలేదు.

"ఒక్కటి మొరాయిస్తే మోడల్ మొత్తం చెడ్డదా?" ఇయర్‌పీస్‌లో చీఫ్ అరుంధతి గొంతు. "కాంపాక్ట్. చొక్కా కింద కనబడదు. మన బడ్జెట్లో దొరికేది అదొక్కటే. రెండు వందలు ప్యాక్ చేసి ఉన్నాయి. ఏజెంట్లకు పంచడానికి ఆరింటికి వ్యాన్ బయలుదేరుతుంది. టెస్ట్ చేసి ఓకే చెప్పు."

"చవగ్గా వచ్చిందని మహీధర్ భార్యకు చెప్పమంటారా మేడమ్?"

"టెస్ట్ చెయ్యి, హరీ," అంది ఆమె, ఈసారి మెల్లగా.

షిప్‌యార్డు ఓవరాల్స్, పసుపు హెల్మెట్ వేషంలో హరిదాస్ బెడోక్‌లో ఓ గోడౌన్ తలుపు తట్టాడు.

"మకాన్ అయిందా?" తిన్నావా అని లోపలి నుంచి అక్కడి మాటలో ప్రశ్న.

"ఇంకా లేదు. టేబుల్ చోప్ చేశా, పట్టి ఉంచా."

కోడ్ కుదిరింది. పెద్దిరాజు తలుపు తీశాడు. శ్రీకాకుళం నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన ఫిట్టర్. పగలు ఓడలు, సాయంత్రం డిపార్ట్‌మెంట్ ఆయుధాలు బాగుచేస్తాడు. హరిదాస్ ముఖం చూసి ఏమీ అడగకుండా వేడి కాఫీ చేతిలో పెట్టాడు.

కింద సౌండ్‌ప్రూఫ్ గదిలో, కొత్త పిస్టళ్ల పెట్టె పక్కన, నెమలి రంగు సిల్కు గౌనులో శర్మిల ఎదురుచూస్తోంది. డిపార్ట్‌మెంట్‌కు వెపన్స్ అడ్వైజర్. ఆ పిస్టల్‌ను సిఫార్సు చేసింది ఆమే. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన పిస్టల్ తీసి పది తూటాలు పేల్చింది. పదీ టార్గెట్ నడిబొడ్డున తగిలాయి.

"సేమ్ మోడల్. రెండేళ్లుగా వాడుతున్నా. నో ట్రబుల్, లా! పాపం మహీధర్ సరిగ్గా క్లీన్ చేసుకోలేదేమో," అంది ఆ ఊరి యాసలో.

హరిదాస్ కాఫీ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టాడు.

పెద్దిరాజు గొంతు సవరించుకున్నాడు. "మా యార్డులో సేఫ్టీ బెల్టు ఇచ్చినోడు ముందల తనే కట్టుకోని ఏలాడి సూపించాల బాబూ. అప్పుడే మేం కట్టుకుంతాం."

హరిదాస్ అతని వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత శర్మిల ముందు చెయ్యి చాపాడు.

"నీది నాకివ్వు. పెట్టెలోది నువ్వు తీసుకో."

"వై?"

"సేమ్ మోడల్ కదా!"

ఆమె తన పిస్టల్ అతని చేతిలో పెట్టింది. పెద్దిరాజు పెట్టె అడుగు నుంచి ఒకటి తీసి, లోడ్ చేసి ఆమెకిచ్చాడు. హరిదాస్ ఆమె పిస్టల్‌ని తిరిగి నింపి పది తూటాలూ పేల్చాడు. ఒక్కటీ తడబడలేదు.

"ఇప్పుడు నువ్వు."

ఐదూ యాభై తొమ్మిది.

"హరీ, వ్యాన్ స్టార్టయింది. ఓకేనా?" ఇయర్‌పీస్ అడిగింది.

శర్మిల టార్గెట్ వైపు తిరగలేదు. పిస్టల్ హరిదాస్ నుదుటికి గురిపెట్టింది.

"ఓకే చెప్పు. నీది ఎంప్టీ."

"వ్యాన్ ఆపండి!" హరిదాస్ అరిచాడు. "శర్మిల హెరాన్ మనిషి!"

ఒక్క తూటా అయినా పేలకపోతుందా అన్న ఆశతో ఆమె ట్రిగ్గర్ నొక్కింది. టక్. మళ్లీ నొక్కింది. టక్. పెద్దిరాజు ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు.

"మహీధర్ చివరిగా విన్నది ఈ చప్పుడే," అన్నాడు హరిదాస్. అతని పిడికిలి లేచింది.

పెద్దిరాజు స్టూలు లాగి ఆమె వెనక వేశాడు. "కూకోమ్మా. కాళ్లు వొణుకుతున్నాయి."

పిడికిలి దిగింది. కోపం దిగలేదు.

పెద్దిరాజు రెండు పిస్టళ్లూ విప్పాడు. "ఈవిడిగారిది అసలు కంపెనీ స్ప్రింగు బాబూ. పెట్టెల్లోయి మార్చేసినారు."

"వ్యాన్ ఆగింది," అంది అరుంధతి. "మరి ఏది కొనాలి?"

"ఇదే మోడల్. ఈసారి నేరుగా కంపెనీ నుంచి. పెట్టె అడుగున ఉన్నది అమ్మేవాడి చేత పేల్పించాకే సంతకం. శర్మిల పిస్టల్ ఒక్కటి మాత్రం మనకి ఫ్రీగా వచ్చింది మేడమ్."

శర్మిలను కారెక్కించారు. పెద్దిరాజు దీపాలార్పి, ఆ రోజుకి గోడౌన్ తలుపు చప్పుడు కాకుండా మూశాడు.