సప్పుడు లేని ఫోటో

మిర్రర్‌లెస్ కెమెరాకు మారమని నాకు చెప్పినవాడు దారిన పోయే దానయ్య అయితే ఇంత కడుపుమంట ఉండేది కాదు. చెప్పింది నరసప్పన్న.

ఆదోనిలో ఆయన స్టూడియోలోనే నేను పని నేర్చుకున్నాను. లైటు ఎక్కడ పెట్టాలో, ఏడుస్తున్న పెండ్లికూతుర్ని ఎట్లా నవ్వించాలో, పెండ్లి భోజనాల్లో ఏ బంతికి కూర్చుంటే పని చెడకుండా ఉంటుందో, అన్నీ ఆయన చెప్పినవే. నా పెండ్లి ఫోటోలు తీసింది ఆయన. నా కూతురు కృతి పుట్టినప్పుడు తొలి ఫోటో తీసిందీ ఆయనే. ఎమ్మిగనూరులో సొంత స్టూడియో పెట్టుకున్నాక కూడా పండగొస్తే ఆదోని పోయి ఆయన కాళ్ళకు దండం పెట్టనిదే నాకు తృప్తి ఉండేది కాదు. ఇప్పుడు ఆ దండాలన్నీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

ఎండాకాలం మొదట్లో ఆయన మా చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లందరి వెంటా పడ్డాడు. ఆలూరు, గోనెగండ్ల, చిప్పగిరి, ఎవర్నీ వదల్లేదు. డీఎస్ఎల్ఆర్ కాలం తీరిపోయిందనీ, ఇప్పుడే మారకపోతే రేపు వాటిని పాత ఇనుము వాడు కూడా అడగడనీ చెప్పేవాడు. పాతది తనకిచ్చేస్తే కొత్తది తన పూచీ మీద ఇప్పిస్తానన్నాడు. ఒక్కొక్కరే మారిపోయారు. మొండికేసింది నేనొక్కణ్ణే.

నా మొండితనానికి కారణం ఉంది. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు వెనక చిన్న అద్దం ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషి మీది వెలుగు ఆ అద్దం మీద పడి మన కంటికి చేరుతుంది. అంటే మనిషిని మనం నిజంగా చూస్తాం. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి, తిరిగి దిగేటప్పుడు టక్‌మని కొట్టుకుంటుంది. మా పల్లెల్లో ఆ టక్ అనేదాకా జనం ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. అది వినబడ్డాకే భుజాలు దించుతారు, ముక్కు తుడుచుకుంటారు, పిల్లను చంకనేసుకుని లేస్తారు. మిర్రర్‌లెస్‌లో అద్దం లేదు, ఆ దెబ్బా లేదు. కంటి దగ్గర కనబడేది మనిషి కాదు, మనిషిని చూపించే చిన్న టీవీ.

నా వాదనంతా విని నరసప్పన్న నవ్వాడు.

"సప్పుడు కోసం కెమెరా పెట్టుకుంటారా మంజూ? మంత్రాల నడుమ నీ టకటకకు అయ్యవార్లు తిడ్తాండారు. ఇది సూడు. కన్ను యాడుంటే ఆడికే పోయి పట్టుకుంటాది."

అది నిజమే. కొత్త కెమెరాలో మనిషి కన్ను కనబడితే చాలు, దాని చుట్టూ పచ్చటి చిన్న గడి వచ్చి కూర్చుంటుంది. మనిషి అటూ ఇటూ కదిలినా వదలదు. నాకూ ఆశ పుట్టింది. అన్న చెడ్డ చెప్తాడా అనుకుని, నా పాత కెమెరాను మెడబెల్టుతో సహా ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన దాన్ని చూడనైనా చూడలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి నొక్కాడు. టక్ అనగానే కళ్ళు మూసుకుని, దాహం తీరినవాడిలా ఊపిరి వదిలాడు. పాతకాలం మనిషి, పాత కెమెరా అంటే ప్రేమేమో అనుకున్నాను.

వారం తిరక్కముందే ఫోన్ చేశాడు. గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో బసమ్మ అనే ముసలామె పోయింది, తనకు ఒంట్లో బాగాలేదు, నన్ను పోయి రమ్మన్నాడు.

బసమ్మ వాళ్ళ కులంలో పోయినవాళ్ళను పడుకోబెట్టరు. స్నానం చేయించి, నుదుట విభూతి పెట్టి, బాసింపట్టు వేయించి గోడకు ఆనించి కూర్చోబెడతారు. సమాధిలోకి దించేది కూడా అట్లాగే. ఎత్తేలోపు కొడుకులు, కోడళ్ళు, మనవలు వంతులవారీగా పక్కన కూర్చుని ఫోటో దిగుతారు. అందరూ అయిపోయాక పోయినామెను ఒక్కదాన్నే తీయాలి. పటం కట్టించుకునేది అదే. మా ఫోటోగ్రాఫర్లకు ఇందులో కొత్తేమీ లేదు.

నేను పోయేసరికి మిట్టమధ్యాహ్నం. బయట ఎండ మండిపోతోంది. మట్టి మిద్దె లోపల మాత్రం చీకటి. పైకప్పులోని గవాక్షి గుండా దిగిన వెలుగు సరిగ్గా బసమ్మ ఒళ్ళో ఆగిపోయింది, మొహం దాకా పోలేదు. ఊదొత్తుల పొగ, వాడిన చామంతుల వాసన, దాని కింద ఇంకేదో తడి వాసన. ఏడ్చి ఏడ్చి అలసిపోయిన ఆడవాళ్ళు గోడ వెంబడి కూర్చుని ఉన్నారు. పూలదండ మీద ఈగలు ముసిరే రొద తప్ప ఇంకేమీ వినబడటం లేదు. చావింట్లో నా కెమెరా టకటకలాడితే నాకెప్పుడూ మొహమాటంగా ఉండేది. ఇప్పుడు ఆ బాధ లేదు కదా అని కొత్త కెమెరాలో శబ్దం పూర్తిగా ఆపేశాను. మర్యాద అనుకున్నాను.

ముందు పెద్ద కొడుకు కుటుంబం కూర్చుంది. నొక్కాను. ఎవరూ లేవలేదు. అట్లాగే బిగుసుకుని నావైపే చూస్తున్నారు.

"తీసినావా అప్పా?" అని పెద్ద కొడుకు పెదాలు కదలకుండా అడిగాడు.

"తీసినా."

ప్రతి గుంపుదీ అదే వరస. టక్ వినబడకపోయేసరికి అయిందో లేదో ఎవరికీ తెలియలేదు. తీసినావా, తీసినావా అని అడుగుతూనే ఉన్నారు. చావింట్లో నవ్వకూడదు గానీ నాకు నవ్వొచ్చింది.

అందరూ పక్కకు జరిగారు. బసమ్మ ఒక్కతే మిగిలింది. కెమెరా కంటికి ఆనించాను. మూసి ఉన్న ఆమె రెప్ప మీద పచ్చ గడి వచ్చి కూర్చుంది.

మూసిన రెప్పను కన్ను అనుకుంది, ఎంత తెలివైనదైనా యంత్రమే కదా అనుకున్నాను. నొక్కాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాత కెమెరాలో అద్దం లేచిన ఆ రెప్పపాటు మన కంటికి ఏమీ కనబడదు, చీకటే. అంటే ఇన్నేళ్ళూ ఫోటో పడే ఆ క్షణాన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఏ ఫోటోగ్రాఫరూ చూసి ఉండడు. దీంట్లో చీకటి రాలేదు. ఆ క్షణం కూడా కనబడింది.

బసమ్మ కళ్ళు తెరిచి ఉన్నాయి.

నన్నే చూస్తోంది... ఫోటో దిగేవాళ్ళు చూసినట్టే. ఒద్దికగా. గడ్డం కొంచెం పైకెత్తి...

కెమెరా దించాను. కళ్ళు మూసే ఉన్నాయి. తీసిన ఫోటో తెర మీద చూశాను. అందులోనూ మూసే ఉన్నాయి. గబగబా బ్యాగు సర్దుకుని తల వంచి గడప దాటుతున్నాను. వెనక నుంచి, చెవికి బాగా దగ్గరగా, అరిగిపోయిన గొంతు మెల్లగా అడిగింది.

"తీసినావా అప్పా?"

"తీసినా" అన్నాను అలవాటు కొద్దీ. వెనక్కి తిరిగాను. ఆడవాళ్ళంతా అవతలి గోడ దగ్గరే ఉన్నారు. నా వెనక ఎవరూ లేరు.

ఆ మర్నాడు స్టూడియోలో ఒక కుర్రాడికి పాస్‌పోర్టు ఫోటో తీస్తున్నాను. పచ్చ గడి అతని కన్ను వదిలేసి పక్కనున్న ఖాళీ నేల మీదికి జారింది. నేలకు కొంచెం పైన, బాసింపట్టు వేసుకున్న మనిషి కన్ను ఉండే ఎత్తులో నిలబడిపోయింది. కెమెరా ఆపి మళ్ళీ పెట్టాను. గడి అక్కడే ఉంది. కుర్రాడు వెళ్ళిపోయాక ఆ గొంతు వచ్చింది.

"కాళ్ళు తిమ్మిరెక్కినాయప్పా... తీసినావా?"

తీసినానవ్వా, లెయ్యి, అయిపోయింది అని ఎన్నిసార్లు చెప్పానో. బతిమాలాను. తిట్టాను కూడా. ఆమె లేవలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ టక్ వినబడ్డాకే లేవాలని నేర్చుకున్న మనిషి, నా నోటిమాట నమ్ముతుందా. కొత్త కెమెరాలో శబ్దం పెట్టి చూశాను. చిటికె వేసినట్టు ఏదో సన్నగా వచ్చింది. తర్వాత మళ్ళీ అదే ప్రశ్న.

ఒక సాయంత్రం ఇంట్లో కృతి అన్నం తింటుంటే భయం భయంగా కెమెరా పెట్టి చూశాను. గడి నా బిడ్డ మీద లేదు. బిడ్డ పక్కన గోడ దగ్గర ఉంది.

అప్పుడిక నాకు నిలకడ లేకపోయింది. అద్దమున్న కెమెరా ఒకటి దొరికితే ఒక్క టక్ వినిపిస్తాను, ఆమె లేచి తన దారిన తను పోతుంది, అంతే కదా అనుకున్నాను. ఆలూరులో ఫోటోగ్రాఫర్ సామ్సన్‌కు ఫోన్ చేశాను. నాది నరసప్పన్నకు ఇచ్చేసినా అన్నాడు. చిప్పగిరిలో అడిగాను, గోనెగండ్లలో అడిగాను. అందరిదీ అదే జవాబు. ఈ చుట్టుపక్కల డీఎస్ఎల్ఆర్ అన్నది ఉంటే నరసప్పన్న దగ్గరే ఉంది. పోనీలే, మన అన్నే కదా అని ఆదోని బస్సెక్కాను.

ఆయన స్టూడియో షట్టరు పట్టపగలే సగం దించి ఉంది. వంగి లోపలికి పోయాను. మూసి ఉన్న వెనకగదిలోంచి సప్పుడు వినబడింది.

టక్... టక్... టక్...

తలుపు తోశాను. లైటు లేదు. నరసప్పన్న నేల మీద కూర్చుని ఉన్నాడు, బుగ్గలు లోపలికి పోయి. ఎదురుగా గోడ వెంబడి వరసగా ఖాళీ కుర్చీలు. ఒళ్ళో ఎవరిదో కెమెరా. కుర్చీల వైపు తిప్పి నొక్కుతూనే ఉన్నాడు. వెనక అరల నిండా లెన్సులు ఊడదీసిన కెమెరాలు. వాటన్నిటిలోనూ అద్దాలు పైకి లేచి అట్లాగే బిగుసుకుపోయి ఉన్నాయి.

"కూర్చో మంజూ" అని గుసగుసగా అన్నాడు. "కుర్చీలో వొద్దు. కింద కూర్చో."

నేను కూర్చోలేదు. ఆయనే నొక్కుతూ, మధ్య మధ్య ఆగుతూ చెప్పుకొచ్చాడు. అందరికంటే ముందు ఆయనే మిర్రర్‌లెస్ కొన్నాడట. చిప్పగిరిలో ఒక చావుకు సైలెంటులో తీశాడట. ఆ తర్వాత ఇంకో చావు, ఇంకోటి. ఆ పోయినవాళ్ళంతా వచ్చి ఈ కుర్చీల్లో కూర్చున్నారట, టక్ వినబడితే ఆ కాసేపు ఊరుకుంటారట. లేవడం మాత్రం లేవరట. రాత్రీ పగలూ నొక్కితే ఏ షట్టరైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? ఒకటి పోతే ఇంకోటి కావాలి. అందుకని ఊరూరా తిరిగి మా అందరి కెమెరాలూ పోగేశాడు.

డీఎస్ఎల్ఆర్ కాలం తీరిపోయిందని ఆయన చెప్పిందంతా ఇందుకన్నమాట.

"తెలిసి తెలిసే నన్ను మార్పించినావా అన్నా?"

"సెప్తే నువ్వు ఇచ్చేటోనివా?"

"మరి బసమ్మ దగ్గరికి నన్నెందుకు పంపినావు?"

ఆయన నా మొహం చూడలేదు. కుర్చీల వైపే చూస్తూ మెల్లగా అన్నాడు. "నేను పోతే ఆమె గూడా ఈడికే వస్తాది గదప్పా. కుర్చీలు సాలడంలే."

కొట్టాలనిపించింది. చేయి లేవలేదు. కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి మీదికి చేయి ఎట్లా లేస్తుంది? ఏడుపొచ్చింది. పక్కన నేల మీద నా కెమెరా కనబడింది, నా మెడబెల్టుతోనే. బసమ్మ కాసేపన్నా ఊరుకుంటుందని, అది నాకిచ్చెయ్ అన్నాను. వాదించలేదు, బతిమాలలేదు. "తీసుకపో. నీదే గదా" అని ముందుకు తోశాడు. ఇంత సులువుగా ఇచ్చాడేమిటా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

బస్సులో కెమెరాను ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. పెట్టెలో మిగిలిన ఒక్క అగ్గిపుల్లను దాచుకున్నట్టు దాచుకున్నాను. వృథా అవుతుందని ఒక్కసారి కూడా నొక్కి చూడలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. నా భార్య పల్లవి వాకిట్లో కొళాయి దగ్గర బిందెలు నింపుకుంటోంది. పాప లోపల ఆడుకుంటాంది, పొద్దున్నుంచి అల్లరే లేదు అంది. లోపలికి పోయాను. ఇంకా లైటు వేయలేదు. ఊదొత్తుల వాసన...

కృతి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బాసింపట్టు వేసుకుని. చేతులు మోకాళ్ళ మీద. గడ్డం కొంచెం పైకెత్తి.

"ఏం జేస్తాండావు తల్లీ?"

పెదాలు కదల్లేదు. "అవ్వ లేసి పోయింది నాన్నా. కాళ్ళు తిమ్మిరెక్కినాయంట. నన్ను కూర్చోమనింది."

పాత కెమెరా కంటికి ఆనించాను. అద్దంలోంచి నా బిడ్డ కనబడింది. టీవీ బొమ్మ కాదు, నా బిడ్డే. నొక్కాను.

అద్దం లేచింది. కిందికి దిగలేదు.

టక్ అనలేదు.

కంటి ముందు చీకటి... మళ్ళీ నొక్కాను. మళ్ళీ... చీకటే. నరసప్పన్న అంత సులువుగా ఎందుకిచ్చాడో ఆ చీకట్లో తెలిసింది. నా కెమెరాను కూడా చివరి టక్ దాకా వాడుకునే ఇచ్చాడు.

"తీసినావా నాన్నా?"

"తీసినా తల్లీ" అన్నాను. "అయిపోయింది. లెయ్."

కెమెరా దించాను. పాప నుదుటి మీద విభూతి గీతలు. ఇంకా తడి ఆరలేదు. మా ఇంట్లో విభూతి లేదు.

కృతి లేవలేదు. రెప్ప కూడా వేయకుండా నన్నే చూస్తూ అంది.

"సప్పుడు రాలేదు గదా నాన్నా."