నిన్నటి రొట్టె

టైలరుకి ఓదార్పు మాట పెట్టాలా, ఓపిక మాట పెట్టాలా? ఓదార్పు మొన్ననే పెట్టినట్టుంది. అతని భార్య మంచం పట్టినప్పటి నుంచీ ఓదార్పు చీటీలే ఎక్కువ వెళ్ళాయి. రోజూ ఓదారుస్తూ పోతే, తన కష్టం వీధంతా తెలిసిపోయిందని మనిషి ముడుచుకుపోడూ? బస్సు కండక్టరుకి మాత్రం ఓపికే. అతనికి ఎంత ఓపిక ఇచ్చినా సాయంత్రానికి ఖర్చయిపోతుంది. ఇలా అనుకుంటూ పెద్దావిడ గోడవైపు తిరిగి కూర్చుని, అట్టపెట్టెలోని చీటీలు ఒక్కొక్కటే మడుస్తోంది.

వీధిలో అందరికీ ఆవిడ చీటీలమ్మ. కొడుకు బేకరీలో అమ్మే ప్రతి బ్రెడ్డు పొట్లంలోనూ బైబిలు వాక్యం రాసిన చీటీ ఒకటి పెట్టి ఇస్తుంది. నలుగురిలో నిలబడి ప్రసంగించే గొంతు దేవుడు తనకివ్వలేదు, చేతులిచ్చాడు. లోకంలో నా సాక్షిగా ఉండు అని ఆయన అడిగినదానికి, ఈ చీటీలే తన జవాబు అనుకుంటుంది. దాని గురించి కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వానికి రాత్రి క్షమాపణ అడుగుతుంది, తెల్లవారేసరికి మళ్ళీ గర్వపడుతుంది.

వెనక నీళ్ళు చిలకరిస్తున్న చప్పుడు. రోజూ ఈ వేళకి కోడలు నిన్న మిగిలిన రొట్టెల మీద నీళ్ళు చల్లి, కాసేపు బట్టీలో పెట్టి తీస్తుంది. అవి మళ్ళీ మెత్తబడతాయి. మధ్యాహ్నానికి చెక్కల్లా గట్టిపడతాయి గాని, ఆలోగానే ఇవాళ్టివాటితో కలిసి అమ్ముడైపోతాయి. సరిగ్గా ఆ వేళకే ఆవిడకు గోడవైపు తిరిగి చీటీలు మడిచే పని పడుతుంది. అలా ఎందుకు కుదురుతోందో ఎప్పుడూ ఆలోచించలేదు.

"చీటీలమ్మగారూ."

ముందు గదిలోకి వెళితే ఎదురింటి టైలరు. బల్ల మీద రొట్టె పెట్టాడు. అది టక్కుమంది.

"నిన్న పొద్దున కొన్నాను. సాయంత్రానికి ఇలా అయింది. మా ఆవిడ మింగలేక ఏడ్చిందండి."

"అయ్యో. ఇంకోటి ఇస్తానుండు బాబూ."

"వద్దండి. ఇవాళ్టిదేగా అని మిమ్మల్ని అడిగాను, గుర్తుందా? మీరు చీటీ పెడుతూ నవ్వారు."

గుర్తుంది. ఆ నవ్వు ఇప్పుడు ఆవిడ ముఖాన ఎండిన సబ్బులా బిగుసుకుంది.

టైలరు జేబులోంచి చీటీల కట్ట తీశాడు. గుండుసూదితో కలిపి గుచ్చి ఉన్నాయి. "మెషిను పక్కన గోడకి పెట్టుకున్నాను. ఆవిడకి రోజూ ఒకటి చదివి వినిపించేవాణ్ణి. ఈ ఆదివారం మీతో పాటు చర్చికి వద్దామనుకున్నాను. మీ దేవుడు మంచివాడే అయివుంటాడండి. ఆయన సంగతి మీ దగ్గర తెలుసుకోవడం మాత్రం వద్దనుకున్నాం."

గొంతు పెంచలేదు. దండం పెట్టి మరీ వెళ్ళాడు.

వెనక గదిలో కొడుకు పిండి పిసుకుతూనే అన్నాడు. "ఇంకోటి చేతిలో పెట్టి పంపకపోయావా అమ్మా?"

"అతను బ్రెడ్డు అడగలేదురా."

కోడలు చేతిలోని నీళ్ళ గిన్నె కింద పెట్టేసింది. "ఇక నేను నీళ్ళు చల్లను."

"ఓహో. మరి ఎవరు చల్లుతారు?" అన్నాడు కొడుకు.

"మీరే చల్లుకోండి. మీ చేతులేం కరిగిపోవు."

"ఇంట్లో ఒక ప్రసంగం చాలనుకున్నాను, రెండయ్యాయి." కొడుకు నవ్వబోయి మానేశాడు. "మలుపులో కొత్తగా షాపు పెట్టినవాడు గుంటనక్కలా కాచుక్కూచున్నాడు. ఇవి నిన్నటివని మనమే చెప్పుకుంటే ఈ బట్టీ ఆరిపోతుంది. తెలుస్తోందా?"

"ఊరుకోవే అమ్మాయ్," అంది పెద్దావిడ. "వాడేమన్నా దొంగతనం చేస్తున్నాడా? ఇంటి గుట్టు వీధిన పెడతావా?"

కోడలు ఆవిడ కళ్ళలోకి చూసింది. "అత్తయ్యా, ఒక్క మాట. ఆ టైలరు ఇదివరకు బ్రెడ్డు నొక్కి చూసుకుని కొనేవాడు. మీ చీటీలు మొదలయ్యాక నొక్కడం మానేశాడు."

బట్టీలో కట్టె చిటపటలాడింది.

పెద్దావిడ పీట మీద కూలబడింది. దేవుని మాట పంచుతున్నానని ఇన్నాళ్ళూ అనుకుంది. పంచింది నిజమే. దాన్ని చూసి జనం అనుమానం పక్కన పెట్టారు, ఆ సందులోంచి నిన్నటి రొట్టె జారిపోయింది. తను సాక్ష్యం చెప్పింది ఎవరి తరఫున?

"ఆ వేళకి నేను గోడవైపు తిరుగుతాను. నువ్వు గమనించావా?" అని మెల్లగా అడిగింది.

"గమనించాను. మీరు తిరిగాకే చల్లేదాన్ని. మీరు చూస్తూ ఉంటే నా వల్ల కాదు అత్తయ్యా."

ఆవిడకు కన్నీళ్ళు ఆగలేదు. కోడలు పక్కన కూర్చుని తన కొంగు అందించింది. కొంగంతా పిండి. తుడుచుకుంటే ముఖం తెల్లబడింది. కోడలికి నవ్వొచ్చింది, ఏడుపులోనే ఆవిడకూ వచ్చింది.

తర్వాత పెద్దావిడ లేచి, నిన్నటి రొట్టెల పళ్ళెం ఎత్తుకుంది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"ముందు పెడుతున్నా. వేరేగా, తక్కువ ధరకి."

"ఎవరూ కొనరు."

"కొనకపోతే మనమే తిందాం. నీ పళ్ళు గట్టివేగా."

కొడుకు పిండి పిసకడం ఆపాడు. తర్వాత పిండి చేతులు అంటకుండా మోచేత్తో తలుపు తోసి, ఆవిడకు దారి ఇచ్చాడు. ముఖం మాత్రం ఇంకా ముడుచుకునే ఉంది.

ఆవిడ పళ్ళెం బల్ల మీద పెట్టేసరికి బస్సు కండక్టరు మెట్టెక్కాడు. "చీటీలమ్మగారూ, ఒక బ్రెడ్డు. తొందరగా, బస్సు నా కోసం ఆగదు." చెయ్యి చాచి, దగ్గరగా ఉన్న పళ్ళెంలోంచి తనే ఒకటి తీసుకున్నాడు. నొక్కి చూడలేదు.

ఆవిడ చెయ్యి అలవాటుగా అట్టపెట్టె మీదికి వెళ్ళింది. అందులో ఓపిక చీటీ మడిచి సిద్ధంగా ఉంది. మూత వేసేసింది. ఎదురింట్లో కుట్టుమెషిను ఆడుతోంది.

ఆ చప్పుడు దాటి అవతలికి వినబడేలా, జీవితంలో ఎన్నడూ ఎత్తని గొంతెత్తి అంది.

"బాబూ, అది నిన్నటిది."